దూదికి కథ తెలుసు

రష్యన్ కుటుంబాలు తరాలుగా దాచుకునే నూతన సంవత్సర చెట్టు అలంకారాల్లో దూది, గుడ్డుపెంకు, అట్టముక్క, అక్రోటు డొప్పలతో చేసిన కథల బొమ్మలది ఒక ప్రత్యేకమైన శాఖ. గాజు బొమ్మ కొనలేనివాళ్లు చేసుకున్న చవక సరుకని వాటిని తీసిపారేయడం చాలామందికి అలవాటు. ఆ కథలకు ఆ చిల్లర సామగ్రే సరైన సామగ్రి అని నా అభిప్రాయం. కొలొబోక్ కథనే చూడండి. పిండి నిండుకున్న ఇంట్లో ముసలమ్మ పిండిపెట్టె అడుగు గోకి, మూలలు ఊడ్చి, దొరికిన కాస్త పిండితో గుండ్రటి రొట్టె చేస్తుంది. అది కాస్తా దొర్లుకుంటూ పారిపోతుంది. స్నెగూరొచ్క కథలో పిల్లల్లేని ముసలి దంపతులు మంచు పోగుచేసి ఆడపిల్ల బొమ్మను చేస్తే, ఆ పిల్ల కళ్లు తెరుస్తుంది. రెండు కథల్లోనూ అద్భుతం పుట్టింది చేతికందిన వస్తువులోంచే. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన తెలుగు పుస్తకాల్లో రష్యన్ కథలు చదువుకున్న తరానికి ఈ లోకం కొత్త కాదు.

పనితనాన్ని దగ్గర్నుంచి చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. స్నెగూరొచ్క బొమ్మకి ముందు సన్నని తీగను మెలిపెట్టి తల, మొండెం, చేతుల ఆకారం తెస్తారు. దూదిచుట్టను పోగుల వెంబడి పలచని పొరలుగా విడదీస్తారు. బంగాళదుంప పిండిని చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోస్తూ తిప్పితే చిక్కటి గంజి వస్తుంది. జిగురు అదే. తీగకి ఒక పొర చుట్టి, గంజి చేత్తో అద్ది, ఆరాక మరో పొర చుట్టాలి. తొందరపడి ఒకేసారి మందంగా చుడితే పైన గట్టిపడి లోపల తడి నిలిచిపోతుంది, తీగ తుప్పు పట్టి మరక పైకి తేలుతుంది. గంజి ఎక్కువైతే దూది బిగుసుకుపోయి మంచు పోలిక పోతుంది, తక్కువైతే నూగు లేచి రంగు పాకుతుంది. కోటు అంచున బొచ్చు కావాలంటే ఆ చోట గంజి తగలనివ్వరు. ముఖాన్ని కాగితపు గుజ్జుతోనో మట్టితోనో విడిగా చేసి అతికిస్తారు. చివర పల్చగా గంజి పూసి, తడి ఆరకముందే అభ్రకం పొడి చల్లుతారు. మన గూడూరు గనుల్లో దొరికే అభ్రకమే అది. ఇలాంటి సామగ్రి మీద నగిషీలు కుదరవు కాబట్టి, పాత్రకి ప్రాణమైన ఒక్క గుర్తును ఎంచుకోక తప్పదు. జంతువులకు వైద్యం చేసే ఐబోలిత్ డాక్టరుకి తెల్లకోటు, కప్ప రాకుమారికి నోట్లో బాణం, ఊది ఖాళీ చేసిన గుడ్డుపెంకుకి ఎర్రకాగితం జుట్టు పెడితే కోడిపుంజు. కథను బాగా ఎరిగినవాళ్లు తప్ప ఆ ఎంపిక చేయలేరు.

ఇది లేమికి పట్టే హారతి కాదా అని అడగవచ్చు. యుద్ధకాలంలో మాడిపోయిన బల్బులకు రంగులు వేసి చెట్టుకి కట్టిన మాట నిజమే. కానీ 19వ శతాబ్దపు కలిగినవాళ్ల ఇళ్లలోనూ అక్రోటుకాయలకు బంగారు రేకు చుట్టి వేలాడదీశారు. ఇవాళ గాజూ ప్లాస్టిక్కూ చవగ్గా దొరుకుతున్నా రష్యాలో చేతిపనివాళ్లు దూదిబొమ్మలు చేస్తూనే ఉన్నారు. లేమి ఈ కళకు ఊతమిచ్చి ఉండవచ్చు గాని, దాన్ని నిలబెట్టింది లేమి కాదు. రెండో అభ్యంతరం ఇంకా బలమైంది: ఇవి ప్రభుత్వ ప్రచారానికి వాడుకున్న బొమ్మలు కదా అని. మతాచారమని 1920ల చివర్లో వెళ్లగొట్టిన క్రిస్మస్ చెట్టును, 1935 డిసెంబర్ 28న ప్రావ్దా పత్రికలో సోవియట్ నాయకుడు పావెల్ పోస్తిషెవ్ లేఖ వచ్చాక ప్రభుత్వమే నూతన సంవత్సర చెట్టుగా వెనక్కి తెచ్చింది. అదే దూదితో సరిహద్దు సైనికులనూ, ధ్రువ యాత్రికులనూ, పారాచూట్ వీరులనూ చేయించింది. ప్రచారం జరిగిందనడంలో సందేహం లేదు. అయితే పుష్కిన్ శతవర్ధంతి జరిగిన 1937లో అతని కథల్లోని బంగారు కోడిపుంజూ బంగారు చేపా కూడా చెట్టెక్కాయి. సైనికుడి బొమ్మ ఎందుకు చేశారో ఇప్పటి పిల్లలకు పెద్దలు విడమరచి చెప్పాలి. కథ విన్న పిల్లకి కోడిపుంజు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక కొవ్వొత్తుల కాలంలో దూది ప్రమాదకరమన్న మాటకు ఎదురు చెప్పడానికేమీ లేదు. దూదిబొమ్మ దగ్గరికి నిప్పు రానివ్వకూడదు.

ఇదంతా చదివి దూదిచుట్ట కొనడానికి బయల్దేరేవాళ్లకు ఒక మనవి. రష్యన్ కథలే చేయనక్కర్లేదు. సంక్రాంతి బొమ్మల కొలువులో కొన్న బొమ్మల కింద ఒక మెట్టు పిల్లలకు వదిలిపెట్టండి. ఏడు చేపల కథకి కావలసినవన్నీ ఇంట్లోనే ఉన్నాయి: చేపలకి అట్టముక్కలూ చాక్లెట్ రేకులూ, గడ్డిమోపుకి కొబ్బరిపీచు, చీమకి మిరియాలు, జిగురుకి అన్నం వార్చిన గంజి. ఎండని ఆ ఒక్క చేపను మిగతా ఆరింటికీ భిన్నంగా ఎలా చూపించాలో మాత్రం వాళ్లనే ఆలోచించుకోనివ్వండి.