నోటి మాట – వ్రాత ప్రతి

బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రమున 2019లో ప్రారంభమైన చరిత్ర భాండాగారము శాస్త్రజ్ఞుల కాగితములతోపాటు వారి నోటి మాటలను గూడ భద్రపఱచుచున్నది. మెచ్చదగిన పనియే. అయితే ఇట్టి కృషికి తెలుగున ఒరవడి పూర్వమే కలదు. తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీల కథనములను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించినది. అది విశ్వవిద్యాలయ పీఠమునుండి గాక యొక స్త్రీల బృందమునుండి వచ్చుట గమనింపదగును. చిట్యాల ఐలమ్మ పలుకును వ్యాకరణముతో దిద్దియున్నచో వార్త మిగిలెడిది, మనిషి మిగిలెడిది కాదు.

బెంగుళూరు తెలుగు వృద్ధుల మాటలో కన్నడ, తమిళ పదములు దొర్లును. లేఖకుడు వానిని దోషములని తీసివైచినచో ఆ కుటుంబము ఎవరి పొరుగున బ్రతికినదో తెలుపు సాక్ష్యమే పోవును. మూల ధ్వనిముద్రణయు, చెప్పినవారి సమ్మతియు లేని వ్రాతప్రతిని ఏ భాండాగారమును స్వీకరింపరాదు.