వాన ఏ మూల నుంచి కొడుతుంది?

మొక్కల సామాను పెట్టుకుందామని పెరట్లో వేయించిన కొత్త రేకుల షెడ్డు మొదటి గట్టి వానకే కారింది. వేపపిండి బస్తా అడుగుదాకా నానిపోయింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే ఒక కుర్రాడొచ్చి, నిచ్చెనెక్కి, కనిపించిన ప్రతి స్క్రూ తల మీదా సీలెంటు పులిమి వెళ్లాడు. మర్నాటి వానకి మళ్లీ కారింది.

సీలెంటు ట్యూబు మీద నాకున్న కోపం ఈ శీర్షిక చదివేవాళ్లకి కొత్త కాదు. పైన పూసిన జిగురు మన ఎండలకి బీటలిచ్చి ఊడిపోతుంది. అందులోనూ వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ రకాన్ని జింకు పూత రేకు మీద పూస్తే, దాంట్లోంచి వచ్చే ఆమ్లం ఆ పూతనే తినేస్తుంది. కారడం ఆపాల్సిన మందు తుప్పుని పిలుచుకొస్తుంది.

నిచ్చెనేసుకుని చూస్తే అసలు సంగతి తెలిసింది. స్క్రూలన్నీ రేకు పల్లాల్లో దిగి ఉన్నాయి. లండన్ రేవుల ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో ఇలాంటి మడతల రేకుకే పేటెంటు తీసుకున్నాడు. పల్చటి ఇనుప రేకు మడత పడితే బలంగా నిలబడుతుంది. పైగా నీళ్లు పల్లం పట్టుకుని దిగిపోతాయి, మిట్ట మీద నిలవవు. అలాంటి రేకుకి నీళ్లు పారే దారిలోనే కన్నం పెట్టడం ఏం పని? పైగా రబ్బరు వాషర్లు చితికి పక్కలకి పొంగేంత బిగించారు. రేకు మీద రేకు అర మడత కూడా సరిగా ఎక్కలేదు. ఆ అతుకు నోరు తిన్నగా నైరుతికి తెరుచుకుని ఉంది. అయితే లోపల చినుకు పడిన చోట కన్నం వెతికితే దొరకదు, నీళ్లు అడ్డ పైపు వెంట పాకి ఎక్కడో జారతాయి. గొట్టంతో చూరు దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి తడుపుతూ, లోపల ఒక మనిషిని నిలబెడితే అసలు చోటు బయటపడుతుంది.

శ్రీకాకుళం వైపు మా అమ్మమ్మగారి ఊళ్లో పశువుల సాల తాటికమ్మలదే. మృగశిర కార్తె రాకముందే దాన్ని కొత్తగా కప్పించేవారు. కప్పు నేసే ముసలాయన రాగానే నిచ్చెన అడిగేవాడు కాదు. సాల చుట్టూ ఒకసారి తిరిగి, "వాన ఏ మూల నుంచి కొడతాది బాబూ?" అనేవాడు. తాతయ్య చెయ్యి చూపించేవాడు. వాన కొట్టే ఆ కొసన కాక, అవతలి కొసన వరస మొదలయ్యేది. బరువు పెట్టి ఆరబెట్టిన కమ్మలు చూరు దగ్గర ముందు పరిచి, ఒక్కో వరసా కింది వరస తలని కప్పుతూ పైకి వెళ్లేవాడు. కమ్మల అంచులు వానకి వీపు చూపించి పడుకునేవి. కొప్పు చివర్న వేసేవాడు. వాలు బాగా నిలువుగా ఉండేది, ఆకు నానేలోపే నీళ్లు జారిపోవాలి కదా. అటు వైపు చుట్టిళ్ల చూరు దాదాపు నేలని తాకేది. లోపలికి దూరి కప్పుని పైకెత్తడానికి గాలికి సందు దొరికేది కాదు. మా షెడ్డు బిగించడానికి వచ్చినవాళ్లలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఏ ఊరికైనా అదే కొలత, అదే బిగింపు.

అలాగని తాటికమ్మకి తిరిగి వెళ్దామని నేను అనను. రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చాలి. కప్పు పాతబడిన ఏడు అమ్మమ్మ రాత్రంతా గిన్నెలు మార్చి మార్చి పెట్టేది. ఎండాకాలం నిప్పురవ్వ పడితే వీధి మొత్తం కాలిపోయేది. రేకు వచ్చి ఆ భయం తీర్చింది. దాన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ముసలాయన ప్రశ్నకి మన కోస్తాలో ఒక్క జవాబు సరిపోదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి నైరుతిది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు తూర్పు నుంచి వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖ మీదుగా వెళ్లినప్పుడు గాలి ఒకవైపు నుంచి బాది, కాసేపు ఆగి, ఎదురు దిక్కు నుంచి మళ్లీ బాదింది. అతుకు నోరు ఎటు తిప్పినా ఏదో ఒక కాలం దానికి ఎదురవుతుంది. అందుకే ఇక్కడ దిక్కు చూసి రేకు పరచడంతో పని పూర్తవదు. రేకు మీద రేకు కనీసం ఒకటిన్నర మడత ఎక్కాలి. రెండు రేకుల మధ్య, స్క్రూ వరసకి బయటి వైపు, బ్యూటైల్ టేపు పెట్టాలి. అదీ జిగురే. కానీ దానికి ఎండ తగలదు, రెండు రేకులూ దాన్ని నొక్కిపట్టి ఉంచుతాయి. ట్యూబుని తిట్టే నేను ఈ టేపుని మాత్రం మనస్ఫూర్తిగా కొనమంటాను.

పల్లంలో కన్నాలు పడ్డ రేకులు మార్చి ఇవ్వమని అమ్మినవాళ్లని అడిగాను, ఒప్పుకున్నారు. ఈసారి స్క్రూలు మిట్టల మీద, వాషరు నొక్కుకునేంతే బిగింపు, అంచుల్లోనూ మూలల్లోనూ వరస దగ్గర దగ్గరగా. తుపాను గాలి కప్పుని పైకి లాగుతుంది, ముందు ఊడేవి ఆ మూలలే. మీరు షెడ్డు కొంటుంటే డబ్బు కట్టకముందే ఇవన్నీ అడగండి. కాళ్లు కాంక్రీటులోకి బోల్టులతో దిగుతాయా, నేల మీద ఊరికే ఆనుకుంటాయా అన్నది కూడా అడగండి. ఊరికే ఆనుకునేదైతే అక్టోబరులోపు బోల్టులు వేయించండి.