అతుకు దగ్గర

నిర్మల్ బొమ్మల దుకాణంలో సీతాఫలాన్నో మామిడిపండునో చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత ‘అరె, ఇంత తేలికా!’ అంటారు. నేను అతుకు ఎక్కడుందా అని వెతుకుతాను. దొరకదు. కొంతకాలంగా త్రీడీ ప్రింటర్‌తో ఒకే వస్తువులో రెండు మూడు పదార్థాలు కలపాలని కుస్తీ పడుతున్నాను, దాంతో అంటుకున్న జబ్బు ఇది.

ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర పేర్చే యంత్రమది. ఒకే పదార్థమైతే పేచీ లేదు. రెండోది వచ్చిందా, గొడవంతా సరిహద్దులోనే. పీఎల్ఏ, పీఈటీజీ అనే రెండు రకాల ప్లాస్టిక్‌లకు అసలు పొసగదు. ఎంతగా అంటే, ఒకదానితో బొమ్మ పోస్తూ రెండోదాన్ని కింద ఆసరాగా పెడితే, పని అయ్యాక చేత్తో ఊడదీయవచ్చు. ఆ వైరాన్నే మేం వాడుకుంటాం. లోహాల చిక్కు వేరు. రాకెట్ ఇంజిన్‌లో వేడిని లాగేయడానికి లోపల రాగి మిశ్రమం, బలానికి బయట నికెల్ మిశ్రమం పెట్టాలనుకుంటే, వేడికి రెండూ ఒకే మేరకు సాగవు. పగులు వచ్చేది వాటి మధ్యే. 1980లలో అంతరిక్ష విమానాల కోసం జపాన్ శాస్త్రవేత్తలు దీనికో దారి ఆలోచించారు. ఒకటి ఆగి మరొకటి మొదలయ్యే గీతే ఉండకూడదు, మొదటిది తగ్గుతూ రెండోది పెరుగుతూ పోవాలి.

నిర్మల్ బొమ్మలు చేసే మన నకాషీలు అతుకు దగ్గర ఏం చేస్తారు? పొనికి కర్రను ఆరబెట్టి భాగాలు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికిస్తారు. అంటే అతుకులోనూ కర్ర ఉంది! సందులన్నీ ఆ లప్పంతో పూడ్చి, సన్నసెగ మీద తడి పోగొట్టి, తెల్లసుద్ద పూసి నున్నగా రుద్దాకే రంగు.

దీన్ని ‘మన తాతల త్రీడీ ప్రింటింగ్’ అని ఊరేగించడం నాకు నచ్చదు. ఇక్కడ సగం పని చెక్కడమే, అది ప్రింటర్‌కు రాదు. అలాగే పొనికి దొరకడం కష్టమైంది కదా, కర్రపొడి కలిపిన ప్లాస్టిక్ తీగతో పండ్లు అచ్చేస్తే పోలా అనేవాళ్ల మాటా రుచించదు. అడవిలో పొనికి మొక్కలు నాటడం అంతకన్నా తెలివైన పని.

నాకు కావాల్సింది ఆ లప్పం. మట్టి ముద్దను సన్నటి గొట్టంలోంచి వత్తుతూ కుండలు పోసే ప్రింటర్లు ఇప్పటికే ఉన్నాయి. చింతగింజల ముద్దనూ వత్తి చూడవచ్చు. నిర్మల్ జిల్లాలోనే, బాసరలో ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడి పిల్లలు ఒక నకాషీని పక్కన కూర్చోబెట్టుకుని, పొనికి ముక్కలను ఉత్త జిగురుతో కొన్ని, పొట్టు పాళ్లు మార్చి కొన్ని అతికించి, యంత్రానికి బిగించి లాగి చూస్తే బాగుంటుంది. ముందు తెగేది అతుకా, కర్రా? పందెమంటే నేను కర్రే తెగుతుందని కాస్తాను.