ఇనుప చేయి ఎవరిది? శివకాశి మాయావి, జపాను అకిరా

తమిళనాటి తెలుగువారిని గురించి మన విశ్వవిద్యాలయాల్లో జరిగే చర్చ ఆనవాయితీగా మధుర, తంజావూరు నాయకరాజుల యక్షగానాలతో మొదలై కోవిల్పట్టి పక్కనున్న ఇడైసేవల్ గ్రామవాసి కి. రాజనారాయణన్ నవలల దగ్గర ముగుస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాసిన ఆయన 'గోపల్ల గ్రామం' (1976)లో వలస వచ్చిన తెలుగు కుటుంబాల కథ చెప్పారు. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇదంతా పాఠకులకు విదితమే. కాని విరుదునగరం, సాత్తూరు, కోవిల్పట్టి వరుసగా ఉన్న ఈ నల్లరేగడి సీమలో, అంటే తమిళులు కరిసల్ అని పిలిచే నేలలో, తెలుగు ఇళ్ల పిల్లలు గత యాభై ఏళ్లుగా ఇష్టపడి చదివినది ఏమిటని అడిగితే వచ్చే జవాబు వేరు. యక్షగానం కాదు, నవల కాదు. శివకాశిలో అచ్చయిన తమిళ కామిక్స్. మన శాఖల పరిశోధనాంశాల పట్టికలో దీనికి ఇంతవరకు చోటు దొరకలేదు. బొమ్మల పుస్తకం సాహిత్యమా అన్న పాత సందేహమే కారణం కావచ్చు. ఆ సందేహాన్ని ప్రస్తుతం పక్కన పెడుతున్నాం.

అగ్గిపెట్టెల మీదా బాణసంచా పొట్లాల మీదా అంటించే రంగుల లేబుళ్ల కోసం పెరిగిన ముద్రణాలయాల ఊరు శివకాశి. అక్కడ 1972లో ముత్తు కామిక్స్ మొదలైంది. దాని తొలి సంచిక 'ఇరుంబుక్కై మాయావి'. 1984లో అదే ఊరి నుంచి లయన్ కామిక్స్ వచ్చింది. మాయావి స్వదేశీయుడు కాడు. బ్రిటన్‌లో 'వాలియంట్' అనే పిల్లల వారపత్రిక 1962 అక్టోబరులో తన మొదటి సంచిక నుంచే ప్రచురించిన 'ది స్టీల్ క్లా' కథానాయకుడు. కథ రాసినవారు మొదట కెన్ బుల్మర్, తరువాత టామ్ టల్లీ. బొమ్మలు గీసినది బార్సిలోనా చిత్రకారుడు హేసుస్ బ్లాస్కో. కథ సంగ్రహంగా ఇది: లూయీ క్రాండెల్ ఒక ప్రయోగశాలలో సహాయకుడు. ప్రమాదంలో కుడిచేయి పోయి ఉక్కు చేయి పెట్టించుకుంటాడు. ఆ తరువాత ఒకనాడు విద్యుద్ఘాతం తగిలి ఒళ్లంతా మాయమవుతుంది. ఉక్కు చేయి మాత్రం గాలిలో తేలుతూ కనబడుతుంది. మొదట దోపిడీలకు దిగిన ఈ మనిషి కొంతకాలానికి షాడో స్క్వాడ్ అనే ప్రభుత్వ రహస్య దళంలో చేరతాడు. అప్పటి నుంచి ఆ చేతిలో విషవాయువు, వేలిలో తూటా వంటి పరికరాలు ఒక్కొక్కటే అమర్చుతూ పోతారు.

ఇక్కడ అనువాదకుడు పేరు పెట్టిన తీరు గమనించదగింది. స్టీల్ అంటే ఉక్కు, దానిని ఇనుము చేశాడు. క్లా అంటే మృగపు పంజా, దానిని చేయి చేశాడు. ఇంగ్లీషు పేరులో మాయావి లేనే లేడు, ఈయన చేర్చాడు. పంజా వేటాడుతుంది, చేయి పని చేస్తుంది. ఇంగ్లండులో భయపెట్టిన బొమ్మ ఈ సీమకు వచ్చేసరికి పనిముట్టుగా మారింది. మాయావి అనగానే 'మాయాబజార్' చూసిన ప్రతి ఇంటికీ ఘటోత్కచుడు గుర్తుకు వస్తాడు కాబట్టి భయంలో సగం అక్కడే పోయింది. తెలుగు ఇంటి పిల్లవాడికి ఈ పేరులో పరాయి మాట ఒక్కటీ లేదన్నది మరో విశేషం. ఇరుంబు, ఇనుము ఒకే ధాతువు నుంచి వచ్చినవి. కై, చేయి కూడా అంతే. తాలవ్యాచ్చుకు ముందున్న కకారం తెలుగులో చకారమైంది (కన్నడ 'కివి' తెలుగులో 'చెవి' అయినట్లే). మాయావి ఇద్దరిదీ. తమిళ లిపిలో తన మాటనే చదువుకుంటున్నానని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. మన శాఖలు చెప్పవలసిన మాట అది.

మాయావి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? గోడ మీది స్విచ్చులోంచి. బ్లాస్కో గీసిన దృశ్యాల్లో మా మట్టుకు మాకు ఎక్కువ నచ్చేది ఆయుధాల పుటలు కావు. ఆ ఇనుప వేలు తీగను తాకబోయే క్షణం. కరిసల్ సీమలో మెట్టసేద్యపు బావులకు మోటార్లు వచ్చి, ఇళ్లలో బల్బులు వెలగడం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో ఈ కథ వచ్చింది. విరుదునగరంలో పుట్టిన కామరాజు 1954 నుంచి 1963 వరకు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఊరూరా బడులు తెరిచి మధ్యాహ్న భోజనం పెట్టించారు. ఆ బడుల్లో అక్షరాలు నేర్చిన తరం, దాని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ కామిక్స్‌కు తొలి పాఠకులు. బడి, కరెంటు రెండూ ఒకేసారి ఇంటికి వచ్చినవారికి ఆ అద్భుతం గోడకు అంగుళం దూరంలోనే ఉంది.

ఇప్పుడు జపాను వైపు చూద్దాం. ఓతోమో కత్సుహిరో 1982 నుంచి 1990 వరకు 'యంగ్ మ్యాగజైన్'లో ధారావాహికగా వేసిన 'అకిరా' ఆరు సంపుటాలు, రెండు వేల పుటలు మించిన బొమ్మల కథ. మేము దీనిని ఇంగ్లీషు అనువాదంలో చదివాం. 2019 నాటి కొత్త తోక్యో నగరంలో సైన్యం ఒక రహస్య పథకం నడుపుతుంది. మనోబలంతో వస్తువులను కదిలించగల, కూల్చగల పిల్లలను మందులతో తయారు చేస్తుంది. వారికి పేర్లు ఉన్నా వాడుకలో అంకెలే. 25, 26, 27. అకిరా 28. మోటారుసైకిళ్ల ముఠాలోని కుర్రవాడు తెత్సువో 41వ వాడు అవుతాడు. పాత అంకెల పిల్లలు పిల్లలుగానే ఉండి ముఖాలు మాత్రం ముసలివై ముడతలు పడ్డాయి. సాహిత్యంలో బాల్యాన్ని గురించి ఇంతకన్నా భయంకరమైన చిత్రం మాకు తట్టడం లేదు.

తెత్సువో చేయి ఒకటి ఉపగ్రహం నుంచి పడిన కిరణానికి తెగిపోతుంది. అక్కడి పాత ఇనుప ముక్కలను మనసుతో పోగుచేసి తనకు తానే చేయి చేసుకుంటాడు. ఇదీ ఇనుప చేయే. కాని తేడా ఎంత! క్రాండెల్ చేయి అతని అదుపులో ఉంటుంది, మనిషే కనబడడు. తెత్సువో దేహం చేతి దగ్గర మొదలై అదుపు తప్పి ఉబ్బి, చుట్టూ ఉన్నవాటిని మింగుతుంది. మనిషి కనబడకుండా పోవడం ఇంగ్లీషు కథ భయం, మనిషి మరీ ఎక్కువగా కనబడడం జపాను కథ భయం. కూలిన నగరం పుటల తరబడి సాగే నాలుగు, ఐదు సంపుటాల్లో ఓతోమో కొంత తగ్గించి ఉండవలసిందని మా అభిప్రాయం. గాజు పెంకులు, కాంక్రీటు చెక్కలు గీయడంలోని నేర్పు కథను ఆపేస్తుంది. అతీంద్రియ శక్తులు గల సైనికులను కంపెనీలు పోషించడం, వారి యుద్ధాలు టీవీలో ఆటల పోటీల్లా ప్రసారం కావడం వంటి ఇతివృత్తాలు కల్పనకు ఎంతో దూరం కావని 1991 గల్ఫ్ యుద్ధాన్ని తెర మీద చూసిన మన తరానికి వేరే చెప్పనక్కరలేదు.

రెండు కథల్లోనూ అసలు ప్రశ్న ఒకటే. శక్తి గల చేయి ఎవరి ఆస్తి? దీనికి జవాబు బొమ్మల్లో కన్నా సర్వనామాల్లో స్పష్టంగా దొరుకుతుందని భాషాశాస్త్రం చదివినవారిగా మాకు తోస్తుంది. ఇంగ్లీషు అధికారి 'వియ్' అన్నప్పుడు విన్నవాడు అందులో ఉన్నాడో లేదో తేలదు. తమిళ అనువాదకుడు 'నామ్' అనాలో 'నాంగళ్' అనాలో తేల్చుకోక తప్పదు. తెలుగువాడికి 'మనం', 'మేము' అలాగే. దళాధిపతి క్రాండెల్‌తో 'మనం' అంటే అతణ్ణి తమవాణ్ణి చేసుకున్నాడు, 'మేము' అంటే వాడుకుంటున్నాడు. పని చేయించుకునే రోజుల్లో 'మనం' అని, లెక్కలు చూసే రోజున 'మేము' అనే యజమానులు ఏ భాషలోనైనా ఉంటారు.

అలాంటి యజమానులను ఈ సీమ ఎరుగును. శివకాశి, సాత్తూరు, కోవిల్పట్టి అగ్గిపెట్టెల పరిశ్రమలో పుల్లలు పేర్చినవీ, పెట్టెలు అంటించినవీ దశాబ్దాల పాటు చాలావరకు చిన్నపిల్లల చేతులు. శివకాశి పిల్లల విషయమై ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న తీర్పు ఇచ్చింది. చట్టానికి విరుద్ధంగా పనిలో పెట్టుకున్న ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు చెల్లించాలన్నది. 1972లో మాయావి అచ్చయిన ఊళ్లోనే కామిక్స్ కొనుక్కునే పిల్లలూ, లేబుళ్లు అంటించే పిల్లలూ ఉన్నారు. ముడతల ముఖాల అకిరా పిల్లలను చూసిన తరువాత మాయావి పాత సంచికలను మునుపటిలా చదవడం కష్టం. మాయావిది సరదా కథ అన్న మాటను మేము కాదనడం లేదు. సరదా ఎవరికి దక్కిందన్నది కూడా సాహిత్య విమర్శలో భాగమే.

ఇక భాష. పాత ముత్తు కామిక్స్ బుడగల్లో కనబడేది ఎక్కువగా రాతలోని తమిళం. కరిసల్ మాట కాదు. అదే సీమలో రాజనారాయణన్ మాటభాషను పట్టుదలగా అచ్చులోకి తెచ్చి, దానికి నిఘంటువు కూడా కూర్చారు. బొమ్మల పుస్తకాలు ఆ దారి పట్టలేదు. ఈ రెండింటికీ బయట ఉండిపోయింది ఇంటి తెలుగు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు నూటికి 5.87. వారిలో కరిసల్ సీమవారు చాలామందికి తెలుగు లిపి రాదు. 2006 నాటి తమిళ బోధన చట్టం బడుల్లో తమిళాన్ని ఒకటో తరగతి నుంచి తప్పనిసరి చేస్తూ వచ్చింది. తమిళం నేర్వడం మీద మాకు ఫిర్యాదు లేదు. అక్కడ బతికేవారికి అది అవసరం, గొప్ప భాష. ఇంటి మాట ఒక్క పుట మీదనైనా కనబడలేదన్నదే మా బాధ.

హైదరాబాదు నుంచి తెలుగు వాచకాలు పంపితే సరిపోదు. లిపి రాదు, వచ్చినా ఆ తెలుగు వీరి తెలుగు కాదు. తమిళ లిపిలో తెలుగు రాస్తే? పండితుల అభ్యంతరం సబబైనదే. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. కుడి, గుడి ఒకటే అవుతాయి, పడి, బడి ఒకటే. వచన పుస్తకంలో ఇది పెద్ద చిక్కు. కాని బొమ్మల కథలో బుడగ పక్కన గోపురం గీసి ఉంటే చదివేవాడు గుడి అనే చదువుతాడు, ఇనుప చేయి గీసి ఉంటే కుడి అంటాడు. అక్షరం వదిలేసిన పనిని బొమ్మ చేస్తుంది. ఈ సదుపాయం మరే సాహిత్య ప్రక్రియకూ లేదు.

ఎనిమిది పుటల చిన్న కథతో, హక్కులు గలవారి అనుమతితోనో కొత్త కథతోనో, ఒక ప్రయత్నం చేయదగినదని ప్రతిపాదిస్తున్నాం. చిత్రకారులు, ముద్రాపకులు శివకాశిలోనే ఉన్నారు. బుడగల్లోని మాటలు ఇడైసేవల్ చుట్టుపక్కల ఇళ్లలో రికార్డు చేసినవి కావాలి, మన శాఖల్లో కూర్చుని రాసినవి కారాదు. అప్పుడు తప్పక వచ్చే చిక్కు ఒకటుంది. తమిళానికి అవన్, అవర్ చాలు. మన రాతభాషకు వాడు, అతను, ఆయన మూడు మెట్లు ఉన్నాయి. దొంగగా మొదలై ప్రభుత్వోద్యోగి అయిన క్రాండెల్ మూడూ ఎక్కగలడు. ఆ ఇళ్ల తెలుగులో ఎన్ని మెట్లున్నాయో, ఏ పుటలో వాడు కాస్తా ఆయన అవుతాడో అక్కడి అవ్వలను, తాతలను అడిగి రాసుకున్న తరువాతే మొదటి బుడగ నింపాలి.