బడి పేరు లేని చదువుకు ఒక పేజీ

మన దగ్గర ఎవరి పిల్లాడైనా ‘ఎంపీసీ’ అంటే ఇంకో ప్రశ్న ఉండదు. ఏ పుస్తకాలు, ఎన్ని పేపర్లు, ప్రాక్టికల్స్ ఎప్పుడు, ఆ తర్వాత ఏ ఎంట్రన్స్, అన్నీ ఆ మూడక్షరాల్లోనే ఉంటాయి. బైపీసీ, సీఈసీ కూడా అంతే. వెనకాల ఇంటర్ బోర్డు ఉంది, తెలుగు అకాడమీ పుస్తకం ఉంది, కాలేజీ పేరు ఉంది. ఇంట్లోనే చదువుకునే పిల్లలకు ఈ వెసులుబాటు లేదు. మారేడ్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌లో కూర్చుని వారానికి రెండుసార్లు ఆన్‌లైన్‌లో జీవశాస్త్రం నేర్చుకునే పదహారేళ్ల అమ్మాయి ఏం చదివిందో, ఎంత చదివిందో ఎవరో ఒకరు పనిగట్టుకుని రాసి పెట్టాలి. కొన్నేళ్లుగా నేను చేస్తున్న పని అది. హైస్కూల్ స్థాయి ఆన్‌లైన్ క్లాసులకు కోర్సు వివరణలు రాస్తాను. ఒక్కో కోర్సుకు ఒక పేజీ, మహా అయితే పేజీన్నర.

సికింద్రాబాద్‌లో ఇలాంటి కుటుంబాలు ఉంటాయా అని అడుగుతారు. ఉన్నాయి. తిరుమలగిరి, బొల్లారం వైపు సైన్యంలో పనిచేసేవాళ్ల ఇళ్లలో రెండు మూడేళ్లకోసారి బదిలీ వస్తుంది. ప్రతిసారీ కొత్త బడి, కొత్త సిలబస్, మధ్యలో ఎక్కడో ఒక పాఠం రెండుసార్లు, ఇంకో పాఠం అసలు లేకుండా పోవడం. అది భరించలేక ఇంటి చదువు పట్టినవాళ్లున్నారు. ఆటల కోసం బడి మాన్పించినవాళ్లున్నారు. మన హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంట్లోనే చదువుకుని చిన్న వయసులోనే పదో తరగతి దాటిన సంగతి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. బడిలో పిల్లాడు బెదిరిపోతున్నాడని ఇంట్లో పెట్టుకున్న తల్లులూ ఉన్నారు. వాళ్లు ఆ మాట అందరికీ చెప్పరు.

ఇలా వచ్చిన తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది ఒకటుంది: ఈ పేజీ సర్టిఫికెట్ కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించి మాట్లాడుతుంది, ఇంటి చదువు గురించి విడిగా ఏమీ చెప్పదు. ఆ వయసు దాటాక ఇక్కడ డిగ్రీలో చేరాలన్నా, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ద్వారా సీటు తెచ్చుకోవాలన్నా ఏదో ఒక బోర్డు పరీక్ష పాసై ఉండాల్సిందే. దానికి 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది, మన తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. జాతీయ సంస్థలో ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు ఉంటుంది. పాసైన సబ్జెక్టు పాసైనట్టే, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. ఇంటి చదువు పిల్లలకు ఇది పెద్ద ఆసరా. ముందు ఆ ఏర్పాటు చూసుకోమంటాను.

మరి పేజీ ఎందుకు? బోర్డు మార్కుల మెమో పిల్లకు ఎంత వచ్చిందో చెబుతుంది, ఎలా చదివిందో చెప్పదు. విదేశీ విశ్వవిద్యాలయాలు, మన దేశంలోనూ కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఆ రెండోదే అడుగుతాయి. అమెరికా కాలేజీలకు కామన్ యాప్ ద్వారా దరఖాస్తు పెట్టే ఇంటి చదువు పిల్లలకు సాధారణంగా తల్లో తండ్రో కౌన్సెలర్ స్థానంలో నిలబడతారు. ట్రాన్‌స్క్రిప్ట్ వాళ్లే తయారుచేస్తారు, కోర్సు వివరణలు వాళ్లే జత చేస్తారు. ముంబై అమ్మాయి మాళవికా జోషి పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేకుండా 2016లో ఎంఐటీలో సీటు తెచ్చుకున్న వార్త చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ ధైర్యం మంచిదే. కానీ ఆమె చేతిలో అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ పతకాలు మూడున్నాయి. పతకాలు లేని పిల్లకు తను చేసిన పనే సాక్ష్యం, ఆ పనిని చూడని మనిషికి చూపించేది ఈ పేజీ ఒక్కటే.

అందుకే ఇందులో గాలి మాటలు చూస్తే నాకు బాధేస్తుంది. క్లాసు చెప్పే టీచర్లు నాకు పంపే చిత్తుప్రతుల్లో ఎక్కువ భాగం ఇలా ఉంటాయి: ‘ఈ కోర్సు జీవశాస్త్ర మౌలిక భావనలపై విద్యార్థికి సమగ్ర అవగాహన కల్పిస్తుంది. పరిశీలనా శక్తిని, విమర్శనాత్మక ఆలోచనను పెంపొందిస్తుంది.’ ఇది ఏ కోర్సుకైనా అతుకుతుంది. భూగోళానికి పెట్టినా తేడా తెలియదు. టీచర్ మంచివారే, పాఠం బాగా చెబుతారు, పిల్లలు ఇష్టంగా వింటారు. రాయమంటే మాత్రం ఏ కాలేజీ ప్రాస్పెక్టస్‌లోనో చదివిన భాష చేతికొస్తుంది. అప్పుడు నేను ఫోన్ చేసి కూర్చుంటాను. పిల్లలు ఏం చేశారు మాస్టారూ? ఏ అధ్యాయం పూర్తయింది, ఏది వదిలేశారు? రికార్డు చేతితో రాశారా, ఫోటోలు తీసి పంపారా? పరీక్ష ఎవరు పెట్టారు, పేపర్ ఎవరు దిద్దారు? జవాబులు చెబుతుంటే కోర్సు కళ్లకు కడుతుంది. చెప్పినది చెప్పినట్టు రాస్తే సగం పని అయిపోయినట్టే.

మారేడ్‌పల్లి అమ్మాయి కోర్సుకు చివరికి వచ్చిన పేజీలో కొంత భాగం ఇది:

‘జీవశాస్త్రం, ప్రయోగాలతో. 32 వారాలు. వారానికి రెండు ఆన్‌లైన్ క్లాసులు, ఒక్కోటి గంటన్నర: 96 గంటలు. ప్రయోగాలు 24 గంటలు. పాఠ్యపుస్తకం ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి జీవశాస్త్రం. కణం, మొక్కల శరీరధర్మం, మానవ శరీరధర్మం పూర్తిగా. జంతువుల వర్గీకరణ సగం. జన్యుశాస్త్రం ఈ ఏడాది చెప్పలేదు. ఇంట్లో సూక్ష్మదర్శిని కింద ఉల్లిపొర, బుగ్గ లోపలి కణాలు, ఉప్పునీటిలో ఆకుపొర ముడుచుకోవడం చూసి బొమ్మలు వేసింది. ప్రతి ప్రయోగానికీ చేతిరాత రికార్డు ఉంది. పరీక్ష పేపర్లు క్లాసు టీచర్ దిద్దారు. ప్రయోగాల రికార్డుకు మార్కులు తల్లి వేశారు.’

మొత్తం 120 గంటలు రావడం కాకతాళీయం కాదు. అమెరికా హైస్కూళ్లలో ఒక ఏడాది కోర్సుకు ఒక క్రెడిట్ అంటే దాదాపు 120 గంటల బోధన అనే కొలత 1906 నుంచి ఉంది, దాన్ని కార్నెగీ యూనిట్ అంటారు. గంటలు కూర్చుంటే చదువొస్తుందని నేను నమ్మను. అయినా అవతలి మనిషి చేతిలో ఉన్న కొలబద్ద అదే కాబట్టి కోర్సు మొదలుకాకముందే లెక్క చూసుకోవాలి. ఏడాది గడిచాక గంటలు పెంచి రాయమని అడిగితే నేను రాయను.

ఆ పేజీలో తండ్రికి నచ్చని వాక్యం ఒకటుంది. ‘జెనెటిక్స్ చెప్పలేదని మనంతట మనమే రాసిచ్చుడు ఎందుకు మేడమ్? చూసెటోళ్లు తక్కువ చేసి చూడరా?’ అన్నారాయన. న్యాయమైన భయమే. బడి పేరు లేని పిల్ల అని ముందే ఒక మెట్టు కింద నిలబెడతారేమో, మనం ఇంకో మెట్టు ఎందుకు దిగాలి అని. ఆయనకు నేను చెప్పిందే ఇక్కడా చెబుతాను. దరఖాస్తులు చదివేవాళ్లకు అన్నీ చెప్పామని రాసే పేజీలు కుప్పలుగా వస్తాయి. చెప్పనిదాన్ని చెప్పలేదని రాసిన పేజీలో మిగతా వాక్యాలను వాళ్లు నమ్ముతారు. తల్లి వేసిన మార్కుల సంగతీ అంతే. తల్లి తన బిడ్డకు ‘ఏ’ గ్రేడు వేసిందంటే లోకం నవ్వుతుందని చాలామంది తల్లులు కుంగిపోతారు. ఏం చూసి వేశారో పక్కన రాయండి: బొమ్మ తానే చూసి వేసిందా, భాగాల పేర్లు సరిగ్గా గుర్తించిందా, తప్పు వచ్చినప్పుడు మళ్లీ చేసిందా. అలా రాసినప్పుడు అది తల్లి ప్రేమా, టీచర్ దిద్దుబాటా అన్న ప్రశ్న చాలావరకు తీరిపోతుంది.

ఇంకో సంగతి. ఊరిని కోర్సులోకి తేవాలి. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఒక ఎనాఫిలిస్ దోమను కోసి దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూసింది ఇక్కడే, మన సికింద్రాబాద్‌లో. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. మన పిల్లలు మలేరియా పాఠం బట్టీ పడతారు, ఆ రోడ్డు మీదుగా వెళ్తూ అటు తల తిప్పరు. ఈ అమ్మాయి కూలర్ ట్రేలో, పూలకుండీ కింది పళ్లెంలో నిలిచిన నీళ్లలోంచి దోమ లార్వాలు తీసింది. నీటి పైపొరకు సమాంతరంగా తేలేవి ఎనాఫిలిస్ అని, ఏటవాలుగా తల కిందికి వేలాడేవి వేరే జాతులని చూసి వేరుచేసి, తేదీలతో పట్టిక రాసుకుంది. పేజీలో ఇది రెండు వాక్యాలు మాత్రమే. కానీ ఇలాంటి వాక్యాలు ఏ ప్రాస్పెక్టస్‌లోనూ దొరకవు. ఖరీదైన ల్యాబ్ లేదని దిగులుపడే తల్లిదండ్రులకు ఈ రెండు వాక్యాలు చూపిస్తుంటాను.

సముద్రం అవతల మనవాళ్లకూ ఇదే పని పడింది. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి తెలుగు తరగతులను అమెరికాలో కొన్ని హైస్కూళ్లు ప్రపంచ భాష క్రెడిట్‌గా లెక్కిస్తున్నాయి. ఆ దేశంలో రెండు భాషలు వచ్చిన పిల్లలకు డిప్లొమా మీద ముద్ర వేసే పద్ధతికి కాలిఫోర్నియా 2011లో చట్టం చేసింది. అక్కడి కౌన్సెలర్‌కు తెలుగు అక్షరం తెలియదు. ‘తెలుగు సంస్కృతీ వైభవం’ అని రాస్తే ఆమెకు ఏమీ అందదు. వేమన పద్యం తోడు లేకుండా చదివి అర్థం సొంత మాటల్లో రాయగలదు, అమ్మమ్మతో ఫోన్‌లో పది నిమిషాలు ఇంగ్లిష్ కలపకుండా మాట్లాడగలదు అని రాస్తే అందుతుంది. ఆన్‌లైన్‌లో తెలుగు చెప్పే మిత్రులు ఇది గమనించాలి. మన భాషకు దక్కాల్సిన క్రెడిట్ బోలు విశేషణాల వల్ల పోకూడదు.

ఈ పేజీని ముందు పిల్లకే చదివి వినిపిస్తాను. ‘ఇది నేను చేశానా?’ అని ఆ పిల్ల మొహం పెడితే ఆ వాక్యం కొట్టేస్తాను. తర్వాత తల్లికి తెలుగులో ఇస్తాను, ఆమె ఒప్పుకున్నాకే ఇంగ్లిష్‌లో రాస్తాను. కింద సంతకం పెట్టేది ఆమె. తను చదివి అర్థం చేసుకోలేని కాగితం మీద ఆమెతో సంతకం పెట్టించకూడదు.

జూన్ వస్తోంది, ఆన్‌లైన్ క్లాసుల ప్రకటనలు ఫోన్ నిండా వస్తాయి. ఇంట్లో పిల్లల్ని చదివించుకుంటున్న తల్లిదండ్రులారా, ఫీజు కట్టే ముందు ఆ కోర్సు వివరణ అడిగి తీసుకోండి. గంటలు ఎన్ని, పుస్తకం ఏది, పేపర్లు ఎవరు దిద్దుతారు, ఏది చెప్పరు, ఈ నాలుగూ అందులో ఉన్నాయేమో చూడండి. లేకపోతే రాసిమ్మనండి. రాసివ్వలేమంటే ఆ క్లాసులో చేరకండి.