ఎర్రగుండె తాకితే కోపం

మా అమ్మాయి చిన్నప్పుడు అమెరికా నుంచి వాళ్ళ పెద్దమ్మ నింటెండో డిఎస్ తెచ్చిచ్చింది. దాంతోపాటు వచ్చిన ఆట ‘సూపర్ ప్రిన్సెస్ పీచ్’. వంటింటి గట్టుమీద కూర్చుని ఆడుతూ ఓరోజు అడిగింది: “అమ్మా, నీకు కోపమొస్తే ఏం చేస్తావు?”

“ఏం చేస్తాను, అంట్లు తోముతాను” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లో ఈ రాకుమారి పని ఒక్కటే. బౌజర్ ఎత్తుకుపోతే మారియో వచ్చేదాకా ఎదురుచూడడం. అశోకవనం మనకేం కొత్త కాదు కదా! 2005లో జపాన్‌లో, మరుసటేడు అమెరికాలో వచ్చిన ఈ ఆటలో కథ తిరగబడింది. ఈసారి బందీ అయింది మారియో. మాట్లాడే గొడుగు చేతబట్టి విడిపించడానికి బయల్దేరింది పీచ్.

ఆమె ఆయుధాలేమిటి? కింది తెరమీద నాలుగు గుండెలు. పసుపుది తాకితే సంతోషం, గాలిలోకి లేస్తుంది. ఎరుపు కోపం, ఒళ్ళంతా మంటవుతుంది. నీలం దుఃఖం, ఏడుస్తూ వేగంగా పరిగెడుతుంది, కన్నీళ్ళు పడి మొక్కలు ఎదుగుతాయి. ఆకుపచ్చ ప్రశాంతత, గాయాలు మానతాయి. మగవాడు సాహసానికి బయల్దేరితే బలం, ఆడది బయల్దేరితే కన్నీళ్ళా అని మొదట నాకూ ఒళ్ళు మండింది. ఆడదంటే ఉద్వేగాల పుట్ట అన్న పాత మూసే కదా ఇది!

మళ్ళీ చూస్తే విషయం అంత తేలిక కాదనిపించింది. ఈ ఆటలో శత్రువులూ ఏడుస్తారు, రంకెలేస్తారు. మంత్రదండం ప్రభావానికి కోటలోని వాళ్ళంతా వశం తప్పుతారు. ఆ ఉద్వేగాలను తన ఇష్టప్రకారం వాడుకోగలిగేది పీచ్ ఒక్కతే. ఏడుపు ఇక్కడ బలహీనత కాదు, దారి.

అయినా నా పేచీ తీరలేదు. పీచ్‌కి కోపం ఎందుకొచ్చిందో ఆట ఎక్కడా చెప్పదు. అడ్డు తొలగించాల్సి వచ్చినప్పుడు కోపం, దెబ్బ తగిలినప్పుడు ప్రశాంతత. అవసరానికి తగ్గ ముఖం పెట్టడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. చుట్టాలొస్తే పసుపుగుండె, వాళ్ళు వెళ్ళాక ఆకుపచ్చది. పైగా ఉద్వేగం వాడినకొద్దీ తరిగే కొలమానం ఒకటుంది. ఆ ఓపిక కొలత మటుకు నాకు చాలా నిజమనిపించింది.

2024లో ‘ప్రిన్సెస్ పీచ్: షోటైమ్!’ వచ్చింది. అందులో ఆమె రంగస్థలం మీద కత్తివీరురాలు, డిటెక్టివ్, మిఠాయిలు చేసే నిపుణురాలు. ఉద్వేగాల స్థానంలో వృత్తులొచ్చాయి. ఇది ముందడుగా, కోపాన్ని నిశ్శబ్దంగా తప్పించడమా అన్నది రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే తేలుతుంది. కొత్తది డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పాతదానికి సెకండ్‌హ్యాండ్ గేమ్‌కార్డు వెతుక్కోవాలి. డౌన్‌లోడ్ రూపంలోనే పుట్టిన ఆటలకి ఆ దారీ లేదు. 2011లో తెరిచిన 3డిఎస్ ఈ-షాప్‌లో 2023 మార్చిలో అమ్మకాలు ఆపేశారు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చింది.

ఇదంతా పిల్లల ఆటల గొడవ అని తీసిపారేయకండి. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తిపాఠంతో అచ్చువేయించకపోతే మనం దేన్ని చర్చించేవాళ్ళం? దాన్ని నిషేధించినవాళ్ళున్నారు. ఈ ఆటల్ని ఎవరూ నిషేధించనక్కర్లేదు, కొట్టు కట్టేస్తే చాలు. లోపాలున్న రచనైనా చేతికందితేనే దానితో తగువు పడగలం.

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసి, “ఆ ఆట ఉందా అమ్మా?” అని అడిగింది. నా బల్ల సొరుగులోనే ఉంది. ఈసారి వచ్చినప్పుడు ఇద్దరం ఆడతాం. ఎర్రగుండె తాకే ముందు మాత్రం, పీచ్‌కి ఎందుకు కోపమొచ్చిందో తనని చెప్పమంటాను. ఆ తర్వాత నా వంతు.