వెల్డింగు పరిశోధన : అతుకు పక్కనున్న లోపం

భద్రాచలం అడవుల అంచున, పాల్వంచలో, కిన్నెరసాని నీటితో నడిచే కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. 1966లో అక్కడ మొదలైన యంత్రాల శక్తి ఒక్కొక్కటికి 60 మెగావాట్లు. 2018 డిసెంబరులో పనికి వచ్చిన ఏడవ దశ యంత్రం ఒక్కదాని శక్తే 800 మెగావాట్లు. ఆవిరి ఎంత వేడిగా, ఎంత ఒత్తిడితో ఉంటే అంత తక్కువ బొగ్గుతో ఎక్కువ విద్యుత్తు వస్తుంది. కొత్త తరహా బాయిలర్లలో పీడనం 221 బార్లను దాటుతుంది. ఆ హద్దు దాటిన తరువాత నీటికీ ఆవిరికీ భేదం ఉండదు.

ఇంత ఒత్తిడిని మామూలు ఉక్కు తట్టుకోలేదు. 1970లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో, 9 పాళ్ళు క్రోమియం, 1 పాలు మాలిబ్డినం, చిటికెడు వనేడియం, నియోబియం, నత్రజని కలిపిన ఉక్కును రూపొందించారు. ఇటువంటి బాయిలర్లలో దీని వాడుక విరివిగా ఉన్నది. ఉక్కు గట్టిదే. కాని గొట్టాన్ని గొట్టానికి అతికినప్పుడు, అతుకులో కాక దాని పక్కన, వేడి సోకి కరగకుండా మిగిలిన సన్నని పొర బలహీనపడుతుంది. ఏళ్ళ తరువాత పగులు అక్కడే పుడుతుంది. దీనిని శాస్త్రజ్ఞులు నాలుగవ రకం పగులు అంటారు.

ఈ పొరను పరీక్షకు అందుబాటులోకి తెచ్చిన ఘనత విశ్వవిద్యాలయాలదే. కదిలే మంట లోహంలో వేడిని ఎలా పంచుతుందో 1941లో రోసెంతాల్ గణిత సూత్రంలో చెప్పినాడు. రెన్సలేర్ పాలిటెక్నిక్ విద్యాలయంలో నిపెస్, సావేజ్ అనే ఆచార్యులు చిన్న కడ్డీలోనికి విద్యుత్తును పంపి, క్షణాలలో వేడిచేసి చల్లార్చి, అతుకు పక్క పొర స్థితినే కడ్డీలో తెచ్చే యంత్రాన్ని నిర్మించినారు. గ్లీబుల్ అన్న పేరుతో అది పరిశ్రమల ప్రయోగశాలలకు చేరినది. మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే పొర చేతికందే నమూనాగా మారడం సామాన్యమైన విషయం కాదు.

అయినా ఈ విజయాన్ని పరిశీలించి చూడవలసి ఉన్నది. నమూనా కడ్డీలో పరీక్షించే భాగమంతా ఒకే తీరుగా ఉంటుంది. నిజమైన అతుకులో బలహీనమైన పొర రెండు గట్టి భాగాల నడుమ ఇరుక్కొని, పలు దిక్కుల లాగుడుకు లోనవుతుంది. కడ్డీకి తరచుగా ఒకే వేడి తగులుతుంది. మందపాటి గొట్టానికి వరుస మీద వరుస వేసిన ప్రతిసారీ కొత్త వేడి సోకుతుంది.

వీటికన్న పెద్ద చిక్కు కాలానిది. ఎక్కువ బరువు వేసి త్వరగా తెంచిన నమూనా సాధారణంగా వేరే చోట తెగుతుంది. తక్కువ బరువుతో దీర్ఘకాలం ఉంచితేనే తెగే చోటు ఆ పొరకు మారుతుంది. బాయిలరు గొట్టం నుండి కోరేది లక్ష గంటలు, అంటే పదకొండేళ్ళకు పైబడిన సేవ. పరిశోధక విద్యార్థి మూడేళ్ళు ఆపకుండా పరీక్షించినా ఇరవై ఆరువేల గంటలే. పట్టా గడువుకు కుదిరే ప్రయోగం, అసలు ప్రమాదాన్ని చూడకుండానే ముగియవచ్చు.

ప్రయోగశాల చెప్పే కొలతలు పనిచోట నిలబడడం మరొక సమస్య. అతకడానికి ముందు గొట్టాన్ని సుమారు 200 డిగ్రీలకు వేడిచేయాలి. అతికిన తరువాత 100 డిగ్రీలకు లోపుగా చల్లారనిచ్చి, మళ్ళీ 760 డిగ్రీల ప్రాంతంలో గంటల తరబడి ఉంచాలి. కొన్ని పదుల డిగ్రీలు మించితే ఉక్కు లోపలి కూర్పే చెడుతుంది. అడవి అంచున వానాకాలంలో ఎలక్ట్రోడ్లు తేమ పీల్చితే, హైడ్రోజను ఉక్కులో చేరి పగులు తెస్తుంది. అందుకే వాటిని ఓవెనులో ఆరబెట్టి వాడతారు. ఇరుకైన గొట్టాల మధ్య, అద్దంలో చూస్తూ అతికే వెల్డరు చేతిని ఏ సూత్రమూ లెక్కలోనికి తీసుకోదు. పరిశోధనా పత్రంలో ఉష్ణోగ్రత ఒక అంకె మాత్రమే. అతనికి అది రాత్రంతా కాపలా కాయవలసిన పని.

దీనికి మార్గం దూరాన లేదు. కొత్తగూడెంలో 1978లో ఏర్పడిన గనుల విద్యాసంస్థ ఉన్నది. వరంగల్లులో 1959 నాటి ఇంజనీరింగు కళాశాల నేడు జాతీయ సాంకేతిక సంస్థగా ఉన్నది. పాల్వంచలోని పాత కేంద్రం శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టులో కూల్చినారు. పాత కేంద్రాల ఉక్కు వేరైనా, దశాబ్దాలు ఆవిరిని భరించిన అతుకు పరిశోధకునికి గ్రంథం వంటిది. ఏ కేంద్రమైనా గొట్టం మార్చినప్పుడు, అది ఎంత వేడిలో ఎన్ని గంటలు పనిచేసినదో తెలిపే పట్టికతో సహా ఆ ముక్కను కళాశాలకు పంపే నియమం కావాలి. మూడేళ్ళలో ఏ విద్యార్థీ పొందలేని లక్ష గంటల ప్రయోగం ఆ ముక్కలో అప్పటికే పూర్తయి ఉంటుంది. పట్టిక లేకపోతే అది తుక్కు మాత్రమే.